ఆ రబ్బరు రింగు నాది

ఇప్పటి కుర్రాళ్ళు అసూయ పడదామనుకుంటే ఫోనులో లోకమంతా దొరుకుతుంది. మా రోజుల్లో ఆ సదుపాయం లేదు. ఉన్న అసూయంతా ఎదురుగా కనిపించే ఒక్క మనిషి మీదే ఖర్చుపెట్టుకోవాలి. నాకు దొరికిన ఆ ఒక్క మనిషి మా బావ. మేనత్త కొడుకు, నాకంటే కాస్త పెద్ద. బెంగాల్లో ఖిదిర్‌పూర్ డాక్ వెనక మాలాంటి శ్రీకాకుళం వాళ్ళుండే లైన్లలో పక్కపక్క గదుల్లో పెరిగాం. మా అమ్మ తమ్ముడు, అంటే మా మావయ్య, గంగ మీద తిరిగే ఒక పాత లాంచికి ఇంజిన్ డ్రైవరు. పని నేర్పిస్తానని మా ఇద్దర్నీ ఆ ఇంజిన్ గదిలోకి దింపాడు. దింపడమంటే నిజంగా దింపడమే. నిలబడితే తల తగిలే, కూర్చుంటే మోకాళ్ళు కాలే గుంత అది. అందులో ఉన్న డీజిల్ ఇంజిన్ని మావయ్య ‘ముసల్ది’ అని ముద్దుగా పిలుచుకునేవాడు. (మా అత్తని అంత ముద్దుగా పిలవగా నేనెప్పుడూ వినలేదు.) నేను హ్యాండిల్ తిప్పితే ముసల్ది ఓసారి దగ్గి ఊరుకునేది. బావ తిప్పితే పలికేది. “సూడ్రా, ఆడి సేతికి ఎలగ పలుకుతాదో!” అనేవాడు మావయ్య. మేనమామ నాకు, మెచ్చుకోళ్ళు బావకి! పైగా పొద్దస్తమానం ఆ గుంతలో పనిచేసినా బావ చొక్కాకి మరక అంటేది కాదు. నాకైతే గది మూత ఎత్తగానే అంటుకునేది.

డాక్‌లో అందరికీ పెద్ద పండగ విశ్వకర్మ పూజ. ముందురోజే ఇంజిన్‌లో ఆయిలు మార్చేసి, రెంచీలూ స్పానర్లూ కడిగి, సిందూరం బొట్లు పెట్టి దేవుడి ముందు వరసగా పేర్చేవాళ్ళు. పూజనాడు పనిముట్టు ముట్టుకోకూడదు. ఆయిలు మార్చినవాడే ఇంజిన్‌కి దండ వేస్తాడు. ఆ ఏడు మావయ్య ఇంకో మాట కలిపాడు. “దండేసినోడే నాకు అసిస్టెంటు. ఒకడికే సోటుంది.” అని ఊరుకున్నాడా, ఆయిలు పని బావకి అప్పజెప్పి, “నువ్వు ఆడికి అందించు” అన్నాడు నాతో.

పాత ఇంజిన్‌కి ఆయిలు మార్చడమంటే మోటారు సైకిలుకి మార్చినట్టు కాదు. ముందు కాసేపు నడిపి వేడెక్కించాలి, లేకపోతే ఆయిలు చల్లారిన అంబలిలా కదలదు. అడుగున బోల్టు విప్పి వంపుదామంటే ఇంజిన్‌కీ లాంచి అడుగుకీ మధ్య చెయ్యి పట్టదు. అందుకని ఆయిలు కొలిచే పుల్ల తీసి, ఆ గొట్టంలోకి సన్న పైపు దూర్చి, ఇత్తడి చేతిపంపుతో పైకి లాగాలి. లాగడం నా వంతు. తారులాంటి ఆయిలు డబ్బాలో పడుతుంటే నాలో ఉన్న అసూయే బయటికొస్తున్నట్టుంది. బావ ఫిల్టరు గిన్నె విప్పి పాత ఫిల్టరు బయటికి తీశాడు. ఇంతలో పైనుంచి మావయ్య కేక: “ఒరే అల్లుడా, ఎల్లి దండ తెచ్చీ. ఏసేవోడివి నువ్వే కదా, నచ్చింది తెచ్చుకో!” అల్లుడా అన్న ఆ పిలుపు కూడా న్యాయంగా నాది! బావ చేతులు తుడుచుకుంటూ, “ఒరే, పాత రబ్బరు రింగు పైనున్న గాడిలో అతుక్కుపోయుంటాది. గోటితో పీకీసి కొత్తది ఎట్టు” అని వెళ్ళాడు. నా చెవిలో ఇంకా దండే మోగుతోంది. నల్లటి గాడిలో నల్లటి రబ్బరు, నాకు గాడిలాగే కనిపించింది. (అసలు నేను చూస్తున్నది బావ ఎక్కి వెళ్ళిన మెట్ల వైపు.) దాని మీదే, ఆయిలు కారకుండా ఆపాల్సిన కొత్త రింగు పెట్టి, కొత్త ఫిల్టరు వేసి గిన్నె బిగించేశాను. బావ వచ్చి కొత్త ఆయిలు పోసి, నెమ్మదిగా నడిపి చూశాడు. చుక్క కారలేదు. “బాగా బిగించేవురా” అన్నాడు. అతను మెచ్చుకున్నందుకు కూడా ఒళ్ళు మండింది.

పూజనాడు ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని నది మధ్యకి వెళ్ళాం. అక్కడ గాలిపటాలు ఎగరేసేది ఆ రోజే, ఆకాశం నిండా అవే. ఒకటి తెగితే చాలు, రెండు గట్ల మీదా “భో కాట్టా!” అని కేకలు. బావ దండ వేశాడు. మావయ్య కొత్త తెల్లపంచె కట్టుకుని ముసల్దానికి హారతిస్తూ, “ఫుల్ స్పీడు పెట్రా!” అన్నాడు. ఒకరు కూర్చునే చోట ఇద్దరు కూర్చుంటే ఎంతసేపు సర్దుకుంటారు? ఫిల్టరు గిన్నె అంచు నుంచి ఆయిలు ఎగజిమ్మి, మావయ్యకి నడినెత్తి నుంచి పంచె కుచ్చెళ్ళ దాకా తలంటు పోసింది. బావ చటుక్కున ఇంజిన్ ఆపి, రెంచి కోసం పైకి పరిగెత్తాడు. రెంచి విశ్వకర్మ ముందు బొట్టు పెట్టుకుని కూర్చుంది. చుక్కాని పట్టే బెంగాలీ పెద్దాయన, మేం సారంగు దాదా అనేవాళ్ళం, రెండు చేతులూ అడ్డం పెట్టాడు. “ఆజ్‌కే ఛోబే నా! ఈరోజు ముట్టుకోవద్దు!” ఒళ్ళంతా ఆయిలు కారుతున్న మావయ్య కూడా, “అవున్రా, వొద్దు. పాపం సుట్టుకుంటాది” అన్నాడు. విప్పే చేతులున్నాయి, విప్పే రెంచీ ఉంది, భక్తి మాత్రం అడ్డమొచ్చింది. అలా కొట్టుకుపోతుంటే, చివరికి ఇంకో లాంచి వాళ్ళు తాడు వేసి, నవ్వుకుంటూ ఒడ్డుకి లాక్కొచ్చారు.

మర్నాడు మావయ్య గిన్నె విప్పాడు. ఒకదాని మీద ఒకటి రెండు రింగులు. “ఎవుడ్రా ఈ పని సేసింది?” బావ నా వైపు చూశాడు. నేను చెప్తానని ఆగాడు. డాక్ మీద నిన్నటి గాలిపటాలు ఇంకా ఒకటీ రెండూ ఎగురుతున్నాయి. నేను వాటిని చూశాను. జీవితంలో దేన్నీ అంత శ్రద్ధగా చూడలేదు. “ఇంజిన్ నీకు కదరా అప్పజెప్పేను” అన్నాడు మావయ్య. “అవును మావయ్యా” అన్నాడు బావ, అంతే. చోటు నాకొచ్చింది. బావకి లైన్లలో ‘తలంటు బావ’ అన్న పేరొచ్చింది. ఆ పేరు భరించలేక సాల్ట్ లేక్ వైపు తెలిసినవాళ్ళ టిఫిన్ బండిలో చేరిపోయాడు. తర్వాత నేను ఆ గుంతలో ఏళ్ళ తరబడి మోకాళ్ళు కాల్చుకుంటూ, హాయిగా గాలి తగిలేచోట నిలబడి దోసెలు వేస్తున్నాడని బావ మీద అసూయపడుతూ గడిపాను.

తప్పు ఒప్పేసుకుందామని మొన్నీమధ్య బావ దగ్గరికి వెళ్ళాను. బండి పోయి, సెక్టర్ ఫైవ్‌లో ఐటీ ఆఫీసుల మధ్య సొంత కొట్టయింది. మెడలో కార్డులు వేలాడేసుకున్న తెలుగు పిల్లలు చుట్టూ మూగి ఉన్నారు. బావ అట్లకాడ తిప్పుతూ తలంటు కథ చెబుతున్నాడు, వాళ్ళు ప్లేట్లు పట్టుకుని పడీపడీ నవ్వుతున్నారు. నేను అతన్ని పక్కకి లాగాను.

“బావా, ఆ పాత రింగు తియ్యనిది నేను. నువ్వు చెప్పావు, నేనే వినలేదు. ఇప్పుడు వీళ్ళందరి ముందూ చెప్పేస్తాను.”

బావ మొహం మాడిన దోసెలా అయిపోయింది. “నీకు బుద్దుందేటి? ఇన్నేళ్ళ నుంచి నానే సేసేనని సెప్పుకుంటన్న కత. ఉజ్జోగం అట్టుకుపోనావు, ఊరుకున్నాను. ఇప్పుడు తప్పు కూడా అట్టుకుపోతావేటి?”

ఇంతలో ఒకమ్మాయి, “అంకుల్, మీరూ ఆ లాంచిలో ఉన్నారా?” అంది. నేను నోరు తెరిచేలోగా బావ పెనం మీద నీళ్ళు చల్లి అందుకున్నాడు. “ఉన్నాడమ్మా, మా బామ్మర్ది. ఆ గొడవలో అందరం ఇంజిన్ని సూస్తంటే, ఈడొక్కడే గాలిపటాలు సూస్తన్నాడు.” అని నా వైపు చూసి నవ్వాడు. ఆ చూపులోనే తెలిసింది, బావ ఏదీ మరిచిపోలేదని. పిల్లలు మళ్ళీ గొల్లుమన్నారు.

అక్కడ చెప్పనివ్వలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఆ రింగు నాది. పశ్చాత్తాపంతోనే రాస్తున్నానని నా నమ్మకం. కాకపోతే, నా తప్పుకి అన్నేసి నవ్వులు బావకెందుకు పోవాలని ఒక్క క్షణం అనిపించిన మాట కూడా దాచను. ఆ రోజు బావ దోసె వేసి చేతికిచ్చాడు. ఇన్నేళ్ళు నూనె ముందు నిలబడ్డా అతని చొక్కా మీద ఇప్పటికీ ఒక్క మరక లేదు. ఆ చొక్కానే చూస్తూ తింటుంటే, నా చొక్కా మీద చట్నీ పడింది.