డాక్టరు రాసిచ్చిన సర్ఫింగ్

మా ఆయన వాల్దెసీర్‌కి నలభై ఒకటో ఏడు. ఇద్దరు ఆడపిల్లల తండ్రి. రియో నగరంలో మదురేరా అనే పేటలో చెప్పుల కార్ఖానాలో తోలు కోస్తాడు, ఆదివారం చర్చిలో చందాల సంచీ పట్టుకుని తిరుగుతాడు. ఇంత పెద్దమనిషీ సోమవారం తెల్లారేసరికి మా ఊరు కేమాదోస్ స్టేషన్లో కిటికీ ఊచలు పట్టుకుని రైలు పైకప్పు ఎక్కేవాడు. పద్దెనిమిదేళ్ళు ఇదే వరస. తలకు జానెడు ఎత్తున దారి పొడుగునా కరెంటు తీగ. తగిలితే బొగ్గే. పైనుండే కుర్రాళ్ళు ఆయన్ని తాతయ్యా అని పిలిచేవారట. అది కూడా గొప్పగా చెప్పుకునేవాడు.

మా వైపు సర్ఫింగ్ అంటే ఇదే. రియోలో సముద్రం ఉన్నమాట నిజమే కానీ అది మాకు రెండు గంటల దూరం. అలల మీద చెక్కలేసుకుని తేలేవాళ్ళను క్యాలెండరు బొమ్మల్లోనే చూశాం. ఈయన్ని దింపడానికి నేను చెయ్యని పని లేదు. అరిచాను, అలిగాను, ఫాదర్ చేత చెప్పించాను. అన్నిటికీ తలూపి, మర్నాడు మళ్ళీ ఎక్కేవాడు.

పోయిన మార్చిలో గుండె దడగా ఉందంటే ఆరోగ్య కేంద్రానికి లాక్కెళ్ళాను. కొత్తగా వచ్చిన ఓతావియో అనే కుర్ర డాక్టరు చూశాడు. సముద్రపు ఒడ్డు పేటల నుంచి కారులో వచ్చిపోయే మనిషి. సందు దొరికింది కదా అని మొర పెట్టుకున్నాను.

“ఈయన రోజూ రెండు పూటలా సర్ఫింగ్ చేస్తాడు డాక్టరు గారూ. మీరైనా మాన్పించండి.”

డాక్టరు మొహం వెలిగిపోయింది. ఎంతసేపు చేస్తారని అడిగాడు. పూటకి గంట అన్నాడు మా ఆయన. మోకాళ్ళు వంచే నిలబడతారు కదా అన్నాడు డాక్టరు. వంచకపోతే ఎలా అన్నాడు ఈయన.

“మాన్పించడమేంటమ్మా? గుండెకి ఇంతకంటే మంచిది లేదు. వదలకుండా చెయ్యమనండి.”

అని కాగితం మీద రాసి, కింద ముద్ర కూడా కొట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మా ఆయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, వారం పాటు స్టేషనంతా తిప్పాడు. టికెట్లు చూసేవాడికి కూడా చూపించాడట.

ఆ వారం చివర నేనొక్కదాన్నే వెళ్ళి డాక్టరును దులిపేశాను. ఇంతకీ ఏ బీచిలో చేస్తారమ్మా అన్నాడు. బీచేంటి నా మొహం, జపెరి రైలు కప్పు మీద అన్నాను. పాపం, అతని చేతిలోంచి కలం జారిపోయింది. గబగబా ఇంకో కాగితం రాశాడు: సర్ఫింగ్ సముద్రంలో మాత్రమే.

డాక్టరు మాటంటే డాక్టరు మాటే కదా అని ఆదివారం మా ఆయన్ని, పిల్లల్ని బస్సెక్కించి ఇపనేమా బీచికి తీసుకెళ్ళాను. పిల్లలు పరుగెత్తి నీళ్ళలో దూకారు. ఈయన పంట్లాం మడిచి ఒడ్డునే నిలబడ్డాడు. కరెంటు తీగకు జంకనివాడికి మోకాలి లోతు నీళ్ళా అని ఎకసెక్కమాడి, చెయ్యి పట్టుకుని లాగాను. ఒక అల మీదపడి తల దాటింది. పైకి లేచేసరికి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇసుకలో కూలబడి చాలాసేపు రొప్పాడు.

“రైలు పెట్టె లోపల కూడా ఇలాగే ఉంటుందే. పనిలో చేరిన ఏడాది బండి దారిలో ఆగిపోయింది. తలుపులు తెరుచుకోలేదు. నా పక్క మనిషి ఊపిరాడక నిలబడే ప్రాణం వదిలాడు. పడటానికి చోటు లేదు. మదురేరా దాకా అతని తల నా భుజం మీదే ఉంది.”

పద్దెనిమిదేళ్ళు ఒక్క ముక్క చెప్పలేదేమయ్యా అన్నాను.

“దిగు దిగు అన్నావు గానీ ఎందుకెక్కావని అడగలేదుగా, జురేమా.”

నాకు కోపం ఆగలేదు. ఆయన మీదో, నా మీదో, ఆ బండి మీదో తెలియలేదు. అక్కడే కూర్చుని ఏడ్చాను.

ఇప్పుడు ఇద్దరం తెల్లవారుజామున నాలుగుంబావు బండికి వెళ్తున్నాం. అందులో కూర్చోడానికి చోటుంటుంది. ఏడింటికి గానీ కార్ఖానా తెరవరు, అంతదాకా మెట్ల మీద కునుకు తీస్తాడు. నేను తిరుగు బండిలో వచ్చి పిల్లల్ని లేపుతాను. నిద్ర చాలక పగలంతా అందరి మీదా విసుక్కుంటాను. మొన్నామధ్య ఒక స్టేషన్లో ఉన్నట్టుండి జనం తోసుకుని ఎక్కారు. ఆయన నా వేళ్ళు విరిగేట్టు పట్టుకున్నాడు. నేను చెయ్యి లాక్కోలేదు.