నల్లపొట్ట పిట్ట

యుద్ధం నడిచే రోజుల్లో చిత్తూరికి కొత్త జడ్జీ వచ్చినాడు. తంజావూరు వైపు మనిషి. ఆయనకు పిట్టల పిచ్చి. కార్తీకంలో ఉత్తరాది చలికి తాళలేక ఇటు దిగివచ్చే పిట్టలను చూసేదానికి, ఆదివారం పొద్దున్నే మెడలో దుర్బీను తగిలించుకుని పార్కుకు పోయేవాడు. ఆ సంగతి తెలిసిందే తడవు, ఊళ్ళో ప్లీడర్లందరికీ పిట్టల మీద ప్రేమ పొంగుకొచ్చింది. అంతవరకు వాళ్ళల్లో సగంమందికి పిట్టంటే పులుసులో ఉండేదే.

మా ఇంటాయనా ప్లీడరే. కేసులు లేవు గానీ నల్లకోటు ఉండేది. జడ్జీ భార్యకు తోడు కావాలని నన్నూ లేపి తీసుకుపోయినాడు. కాపరానికొచ్చి ఏడాది కూడా కాలేదు. మొగుడితో షికారంటే ఇదే కాబోలనుకున్నా.

ఒకటే చిక్కు. ఆయనకు బారెడు దూరం దాటితే ఏమీ ఆనదు. అద్దాలు పెట్టుకోమంటే, "కండ్లు కనపడని ప్లీడరు దగ్గరికి ఎవుడొస్తాడే?" అనేవాడు. కండ్లు కనపడతాయనుకుని మాత్రం ఎవరొచ్చినారని నేను అడగలేదు.

జడ్జీ ఊరికే చూసి ఊరుకునే రకం కాదు. "పొట్ట ఏం రంగు?" అని సాక్షిని అడిగినట్టు అడిగేవాడు. అందుకని మా ఇంటాయన ఒక ఏర్పాటు చేసినాడు. నేను పక్కనే నిలబడాల. పసుపయితే మెళ్ళో పసుపుతాడు సవరించుకోవాల. తెలుపయితే పండ్లు కనపడేట్టు నవ్వాల. నలుపయితే జుట్టు సర్దుకోవాల. మదరాసులో లా చదివొచ్చిన బుర్రకు తట్టిన ఉపాయం ఇది.

మొదట్లో బాగానే జరిగింది. "మీ చూపు భలే పదునప్పా" అని జడ్జీ మెచ్చుకున్నాడు కూడా. ఒక ఆదివారం కాలవ పక్క గడ్డిలో తోకాడించే పిట్ట ఒకటి వాలింది. పొట్ట పసుపు. జడ్జీ దుర్బీను తుడుచుకునే లోపల ఎగిరిపోయింది. ఆయన మా ఇంటాయన వైపు తిరిగినాడు. సరిగ్గా అప్పుడే చెట్టు మీంచి చీమ నా తల్లో పడింది. చెయ్యి అక్కడికి పోయింది.

"నల్లపొట్ట సార్," అన్నాడు మా ఇంటాయన.

"నల్లదా? నేనెప్పుడూ చూసిందే లేదే."

"మేమూ చూసినాం సార్, కారునలుపు," అని ప్లీడర్లు ఒకరి వెనక ఒకరు సాక్ష్యం చెప్పినారు.

జడ్జీ భార్య నా చెవి దగ్గరికి వంగింది. "తల్లో పేనా, చీమా?"

"చీమండీ."

ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "మీ సైగల సంగతి నాకు ముందే తెలుసులే అమ్మాయ్. మీ ఆయన్ని వేలూరికి తీసుకుపోయి అద్దాలు పెట్టించు. లేకుంటే మా ఆయన ఆ నల్లదాని కోసం నన్ను ఏటిగట్లన్నీ తిప్పుతాడు."

యుద్ధంలో పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిచే బస్సులో వేలూరికి పోయి అద్దాలు తెచ్చుకున్నాం. ఆ తర్వాతి ఆదివారం అదే పిట్ట మళ్ళీ వాలింది. మా ఇంటాయన చాలాసేపు కదలకుండా చూసినాడు. "ఇంత చిన్నదా ఇది?" అన్నాడు నాతో మెల్లగా. అంతవరకు కోడంత ఉంటుందనుకున్నాడట.

"ఏం రంగు?" అన్నాడు జడ్జీ.

"పసుపు సార్. ఆ పొద్దు కూడా ఇదే అయ్యుంటుంది. అప్పుడు నాకు కండ్లు ఆనేవి కావు."

"మాకూ ఆ పొద్దే అనుమానమొచ్చింది సార్," అన్నారు ప్లీడర్లు. జడ్జీ వాళ్ళను కాసేపు చూసి, దుర్బీను ఎత్తుకున్నాడు.

మరుసటేడు ఆయనకు బదిలీ అయింది. ప్లీడర్ల పిట్టల ప్రేమ కూడా ఆ రైలే ఎక్కిపోయింది. మా ఇంటాయన ఒక్కడే మిగిలినాడు. కార్తీకం వస్తే నన్ను లేపి తీసుకుపోయేవాడు. "అదో సూడు, తోకాడిస్తా ఉండాది," అని చూపించేవాడు, నేనెన్నడూ చూడనట్టు.

"అవునా," అనేదాన్ని.