డ్రైవరు లేని ట్యాంకు

మా మరిది చిన్నప్పుడు కొట్టులో కొన్న ముక్కలు అతికించి ఒక బొమ్మ ట్యాంకు చేశాడు. దాని ముందు తొర్రలోంచి తల బయటపెట్టిన డ్రైవరు మీద మోజుతోనే సైన్యంలో చేరి, పదహారేళ్లు ట్యాంకు నడిపాడు. ఆ పాత బొమ్మనే మళ్లీ తయారుచేసి అమ్ముతున్నారని తెలిసి, మొన్న గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్లి కొన్నాడు. కళ్లద్దాలు తుడుచుకుని, ముక్కలన్నీ పళ్లెంలో పరిచాడు. దుర్భిణి పట్టుకున్న ఆఫీసరు ఉన్నాడు, డ్రైవరు లేడు! బొమ్మలు పోసే మహానుభావులకు నడిపేవాడే దండగయ్యాడు కాబోలు. మళ్లీ కొట్టుకు వెళ్లి అడిగితే, "లోపలున్నాడనుకో తాతా, ఎవరు చూడొచ్చారు?" అన్నాడు అమ్మేవాడు.

"పదహారేళ్లూ నన్నూ ఎవరూ చూళ్లేదురా!" అని అరిచి ఇంటికొచ్చాడు. బ్లేడుతో ఆఫీసరు చేతిలోని దుర్భిణి చెక్కేసి, టోపీ అరగదీసి, ముందు తొర్రలో కుదేశాడు.

"మరి ఆర్డర్లెవరిస్తారండీ?" అంది మా తోడికోడలు.

"ఇన్నాళ్లూ ఇచ్చాడుగా, ఇక నడపమను!"