రేడియో బసవేశ్వరరావు చేసిన పికప్

తెనాలిలో రేడియోలు బాగుచేసే బసవేశ్వరరావుకు చిన్నప్పుడు వచ్చిన జ్వరంతో కుడిచెవి పోయింది. ఎడమచెవి సగమే పనిచేసేది. అయినా రేడియో గురగురను బట్టే దాని జబ్బేమిటో చెప్పేసేవాడు.

1987 ఎండాకాలంలో రేపల్లె నుంచి బర్నబాస్ అనే స్కూలు మాస్టారు గిటారు పట్టుకొచ్చాడు. ఆయన చర్చిలో పాటలకు వాయిస్తాడు.

"దగ్గరగా మైకు పెడితే కుయ్యిమంటోందండీ. తీసేస్తే రెండో వరసకి కూడా వినపడదు. మీరే ఏదన్నా దారి చూడాలి అన్నయ్యగారూ."

"నేనెప్పుడూ గిటారు ముట్టుకోలేదండి. ఓ వారం ఉంచి వెళ్లండి."

వారం కాస్తా మూడు నెలలైంది. పాత రికార్డు ప్లేయరు ముల్లు వెనక ఉండే, అదురును కరెంటుగా మార్చే క్రిస్టల్ ముక్క తీసి, నాదాన్ని పట్టే పికప్‌గా గిటారు లోపల అతికించాడు. మీటితే రేకుడబ్బా మీద గులకరాళ్లు పడ్డట్టు మోగింది. క్రిస్టల్ ఇచ్చే కాస్త కరెంటునూ ఆంప్లిఫైయరే మింగేస్తోందని కనిపెట్టి, రెంటికీ మధ్య చిన్న సర్క్యూట్ కట్టి సబ్బుపెట్టెలో అమర్చాడు. గిటారు గొంతు నిండుగా వచ్చింది. కానీ ఒక స్వరం బండగా, మరొకటి పీలగా పలికేది.

ఓ మధ్యాహ్నం విసుగెత్తి దవడను చెక్కకు ఆనించి తీగ మీటాడు. చెవికి అందని తేడా ఎముకకు తెలిసింది! అంగుళమంగుళం జరుగుతూ సుద్దముక్కతో గుర్తులు పెట్టసాగాడు.

"ఏంటండీ, గిటారుని కొరుకుతున్నారా?" అంది భార్య కుమారి.

"లేదే, వింటున్నా."

చెక్క మీద తీగలు ఆనే పట్టీకి కాస్త పక్కగా, ఒక్కచోట మాత్రం అన్ని స్వరాలూ సమంగా పలికాయి. క్రిస్టల్‌ను అక్కడ అతికించాడు.

బాపట్లలో జరిగిన సభకు ఎనిమిది వందల మంది వచ్చారు. బర్నబాస్ మొదటి తీగ మీటగానే ఆ నాదం చివరి వరస దాకా చెక్కు చెదరకుండా వచ్చింది. అక్కడే కూర్చున్న బసవేశ్వరరావుకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ సర్క్యూట్ అడిగిన ప్రతి మెకానిక్‌కూ గీసిచ్చాడు. "ఎవరికీ చెప్పకండి, నేను అమ్మిపెడతాను" అన్న షాపాయనకు, "ఇప్పటికే నలుగురికి ఇచ్చానండి, మీరూ తీసుకోండి" అన్నాడు.

1994లో వేమూరు నుంచి వేదవతి అనే సంగీతం టీచరు వీణ తెచ్చింది. గిటారు పద్ధతి దానికి పనికిరాలేదు. "దీని కట్టుబడే వేరమ్మా. మళ్లీ మొదట్నుంచి నేర్చుకోవాలి" అన్నాడు, యాభై ఎనిమిదేళ్ల వయసులో. రెండేళ్లు పట్టింది. ఆమె కచేరీలో గమకం చివరి వణుకు కూడా వెనక బెంచీలవాళ్లకు వినిపించింది.