గాజు దాటిన లైకెన్

మా పాపకు సైన్సు చెప్పిన సార్ మొన్న గురువారం ప్రొద్దుటూరులో పోయారు. నిద్రలోనే పోయారట. ఆదివారం మొదటి బస్సుకు పులివెందులలో దిగి మా తోటకు వస్తానని ముందురోజే ఫోన్‌లో చెప్పిన మనిషి. పోయి చివరిచూపు చూసి వచ్చాం. అప్పటి నుంచి నాకు ఒకచోట కాలు నిలవడం లేదు. ఇంట్లోకి పోతాను, మళ్లీ తోటలోకి వస్తాను. నేను చదివింది ఏడో తరగతి. అయినా ఆయన గురించి నలుగురికీ చెప్పకుండా ఉండలేను.

మాది చీనీ తోట, అదే బత్తాయి. ఏటా వానలకు ముందు తెగులు రాకుండా మొదళ్లకు సున్నం, మైలుతుత్తం కలిపి పూస్తాం. పాప ఆరో తరగతిలో ఉండగా కొన్ని మాన్ల మీద బూడిదరంగు మచ్చలు కనబడ్డాయి. తెగులే అనుకుని గోనెపట్టాతో రుద్ది గీకేస్తున్నాను. పాప ఒక పొలుసు బడికి తీసుకుపోయి చూపించింది. ఆ సాయంత్రమే సార్ స్కూటర్ మీద వచ్చేశారు.

“ఏందప్పా, మాను చర్మం వలుస్తాండావు?”

“తెగులు సార్. తొక్క తింటాండాది.”

“అది నీ మానును తినదప్పా. కూచుంటాదంతే, నేను మీ అరుగు మీద కూచున్నట్ల. నాకన్నా మేలు, కాఫీ కూడా అడగదు.”

దాని పేరు లైకెన్ అని, చూడటానికి ఒకటే గానీ అందులో ఇద్దరు కాపురం ఉన్నారని చెప్పారు. బూజు ఇల్లు కడుతుంది, ఆ ఇంట్లో పాచి ఎండతో వంట చేస్తుంది. వేళ్లు లేవు. మంచు, వాన, గాలి, ఇవే దాని తిండీ నీళ్లూ. పొగ ఎక్కువైన చోట బతకదు. కొండ అడవిలో శానా మాన్ల మీద ఉంటుందట. అంచుల్లో రాలే పిండి గాలికి కొట్టుకొచ్చి మా తోటలో దిగిందట. ఆ పిండిలో కూడా ఇద్దరూ కలిసే ప్రయాణం చేస్తారట! మా ఇంటామె చూసి, మసాలాలో వేసే రాతిపువ్వులా ఉందే అంది. దానికి చుట్టమేనమ్మా, కూరలో మాత్రం వేయొద్దని సార్ నవ్వారు. చెంబుతో నీళ్లు తెప్పించి చల్లారు. బూడిదరంగు మచ్చ మా కళ్ల ముందే పచ్చబడింది.

పాప చేతి ఎర్ర ప్లాస్టిక్ గాజు అడిగి తీసుకుని, నేను గీకకుండా మిగిలిన ఒక చిన్న మచ్చ చుట్టూ సన్న చీలలతో బిగించారు. ఇది గాజు దాటిన రోజు చెప్పండి, ఏ ఊర్లో ఉన్నా వస్తానన్నారు.

నాకు ఆత్రం ఎక్కువ. పొద్దు లేస్తే పోయి చూసేవాణ్ణి. అది కదిలేది కాదు. ఏటా ఆ ఒక్క మానుకు సున్నం పూయకుండా వదిలేసేవాణ్ణి. ఆ మానుకు సున్నం పూస్తే జలుబు చేస్తాదా మామా అని పక్క తోటాయన ఎగతాళి. సార్‌తో చెప్పుకుంటే, “పెరుగుతాండాదిలేప్పా. నువ్వు ఉరకతా చూస్తాండావు, నిలబడి చూడు” అన్నారు.

తర్వాత ఆయన జమ్మలమడుగు బడికి బదిలీ అయ్యారు, అక్కడే రిటైరై ప్రొద్దుటూరులో ఉండిపోయారు. ఎప్పుడు ఫోన్ చేసినా మొదట లైకెన్‌ను అడిగేవారు, తర్వాత పాపను, ఆఖర్న నన్ను.

ఈ ఏడు వానలకు దాని అంచు గాజు మీదికెక్కింది. ఆ వారమే పాపకు సైన్సు టీచరు ఉద్యోగం వచ్చింది. ఎక్కడనుకున్నారు? జమ్మలమడుగులో, సార్ పనిచేసిన ఆ బడిలోనే! చెప్పులు కూడా లేకుండా తోటంతా తిరిగాను. బుధవారం సార్‌కు ఫోన్ చేసి రెండూ చెప్పాను.

“ఇద్దర్నీ ఆదివారం వచ్చి చూస్తా. అంతదాకా దానికి నీళ్లు చల్లొద్దప్పా. పచ్చబడేది నేను చూడాల.”

ఆదివారం ఊరికే ఉండలేక బస్టాండుకు పోయాను. ప్రొద్దుటూరు బస్సు వచ్చింది. అందరూ దిగేదాకా నిలబడి చూసి, వెనక్కి వచ్చాను.

సాయంత్రం పాప చెంబు పట్టుకుని ఆ మాను దగ్గర నిలబడి ఉంది.

“చల్లేదా నాయనా?”

తలూపాను. అరచేత్తో మెల్లగా చల్లింది. ఇద్దరం కదలకుండా నిలబడ్డాం. మచ్చ నడిమి నుంచి అంచుల దాకా పచ్చదనం పాకింది. కింద ఒక్కచోట మాత్రం, గోరంత మేర, ఎర్రగాజు ఇంకా కనబడుతోంది.