వట్టిది అని చెప్పిన ఆవు

నా కుడిచేతికి గర్వం ఎక్కువ. అమెరికా వచ్చి, ముప్పై నాలుగేళ్ల వయసులో మళ్లీ విద్యార్థినయ్యాక నాలో మిగతావన్నీ తగ్గాయి గానీ ఆ చేతి గర్వం మాత్రం తగ్గలేదు. ఏలూరుకి కాస్త దూరంలో ఒక పశువుల ఆసుపత్రిలో ఆరేళ్లు పనిచేశాను. ఆ ఆరేళ్లలో ఎన్ని గేదెలకు, ఎన్ని ఆవులకు చూడి పరీక్ష చేశానో నాకే తెలియదు. భుజం దాకా ప్లాస్టిక్ తొడుగు వేసుకుని, వెనక నుంచి చెయ్యి పోనిచ్చి, పేడ తీసేసి, పేగు గోడ మీద నుంచే కింద ఉన్న గర్భసంచిని వేళ్లతో తడిమి, చూడిదో వట్టిదో చెప్పాలి. కళ్లతో పనేం లేదు. రైతు తోక పట్టుకుని నా మొహంలోకి చూస్తూ నిలబడేవాడు. ఆ చూపు నాకు ఇష్టంగా ఉండేది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

పెళ్లయ్యాక మిషిగన్‌లోని నోవై అనే ఊరికి వచ్చాం. మా ఆయన కార్ల కంపెనీలో సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు. నా డిగ్రీ ఇక్కడ చెల్లదు. పరీక్షలు రాసి, ఆ తర్వాత ఒక వెటర్నరీ కాలేజీలో ఆఖరి సంవత్సరం పిల్లలతో కలిసి ఏడాది పాటు పని నేర్చుకోవాలి. "ఇక్కడ ఇంటింటికీ కుక్కే కదా, హాయిగా పెట్ క్లినిక్‌లో జాయిన్ అవ్వు," అన్నాడు మా ఆయన. నేను పశువులే కావాలన్నాను. తలా ఒక వంట తెచ్చుకునే ఒక పాట్‌లక్‌లో ఓ పెద్దావిడ నా పక్కన కూర్చుని, "అంత చదువుకుని ఇక్కడ కూడా ఆ పేడలోనే చెయ్యి పెట్టాలా అమ్మా?" అని జాలిపడింది. "అవునాంటీ, మిషిగన్ చలికి అక్కడే వెచ్చగా ఉంటుంది," అన్నాను. ఆవిడ ప్లేటు తీసుకుని వేరే కుర్చీలోకి వెళ్లిపోయింది.

పశువుల వైద్యం కావాలన్నవాళ్లం ఆ బ్యాచ్‌లో నలుగురమే. మిగతా ముగ్గురూ పాతికేళ్ల లోపువాళ్లు. వాళ్లలో ఒకమ్మాయి పాడి రైతు కూతురు. తను హైస్కూల్లో ఉండగానే వాళ్ల నాన్న ఆవులన్నింటినీ అమ్మేశాడట. అయినా పశువుల డాక్టరే అవుతానని పట్టుబట్టి వచ్చింది. మాకు నేర్పే ప్రొఫెసర్ అరవై దాటిన ఆవిడ. ముప్పై ఏళ్లు ఆవుల్లో చెయ్యి పెట్టీ పెట్టీ కుడి భుజం పోయింది. ఎడమ చేత్తో చూస్తారు.

మొదటి రోజే ఆవిడ మాకు మూడు మాటలు చెప్పారు. చూడిదైతే ప్రెగ్నెంట్ అనాలి. వట్టిదైతే ఓపెన్ అనాలి. ఏ కాస్త అనుమానం ఉన్నా రీచెక్ అనాలి. "రీచెక్ అనడానికి ఎవరూ సిగ్గుపడొద్దు," అన్నారు. రీచెక్ అంటే వ్యాన్‌లోంచి స్కానర్ తెచ్చి చూస్తారు, అప్పటికీ తేలకపోతే నెలాగి మళ్లీ వస్తారు. తర్వాత నా వైపు తిరిగి, "మీకు ఇవన్నీ తెలిసినవే, డాక్టర్," అన్నారు. మిగతావాళ్లను పేరు పెట్టి పిలిచేవారు, నన్నొక్కదాన్నే డాక్టర్ అనేవారు. తాతకు దగ్గులు నేర్పుతున్నారు అనుకున్నాను మనసులో. బయటికి మాత్రం బుద్ధిగా తల ఊపాను.

మావైపు పద్ధతి వేరు. అక్కడ అనుమానం వస్తే వట్టిది అనేస్తాం. ఎందుకంటే చూడిది అని చెప్పి, అది కాకపోతే, రైతు నెలల తరబడి మేపుకుంటూ ఎదురుచూస్తాడు. చివరికి నిజం తెలిసి ఆసుపత్రి ముందు నిలబడి నలుగురిలో కడిగేస్తాడు. అదే వట్టిది అన్నది చూడిదైతే, నష్టం ఏముంది? నవ్వుకుంటూ వస్తాడు. "డాక్టరమ్మా, మీరు కాదన్నారు, అది రాత్రి ఈనింది," అని స్టీలు గిన్నెలో జున్నుపాలు తెచ్చి బల్ల మీద పెడతాడు. ఆరేళ్లలో నా తప్పులకు నేను చాలా జున్ను తిన్నాను.

మా బ్యాచ్‌లో ఆ పిల్లలు ఓపెన్ అన్న ప్రతి ఆవునీ ప్రొఫెసర్ మళ్లీ చూసేవారు. మొదటి రెండు వారాలు నావీ చూశారు. ఒక్కటీ తప్పు పోలేదు. మూడో వారం నుంచి నావి చూడడం మానేశారు. నా చెయ్యి ఆ రోజు ఎంత పొంగిపోయిందో చెప్పలేను.

జనవరిలో ఒక చిన్న డెయిరీకి వెళ్లాం. అరవై డెబ్భై ఆవులు, ఒక ముసలి రైతు. పాలు తీసుకునే కంపెనీ ఇకమీద చిన్న చిన్న డెయిరీల దగ్గరికి ట్యాంకర్ పంపనని చెప్పేసిందట. ఇంకో చోట కొంచెం పాలే తీసుకుంటారు కాబట్టి మందను సగానికి తగ్గించుకోవాలి. షెడ్డు గుమ్మం దగ్గరే ఆయన మాకు చెప్పేశారు. "ప్రెగ్నెంట్ అన్నవి ఉంటాయి. ఓపెన్ అన్నవి గురువారం ట్రక్ ఎక్కుతాయి." ట్రక్ ఎక్కడికి పోతుందో అడగాల్సిన పని ఎవరికీ లేదు. కాబట్టి నాకు తెలియదని అనలేను. విన్నాను, అర్థమైంది, తొడుగు వేసుకున్నాను.

ఆ రోజుకి సగం మందే చూస్తాం, మిగతాది వచ్చే సోమవారం. ఆవులన్నీ వరసగా ఇనప చట్రాల్లో తలలు పెట్టి మేత తింటున్నాయి. మేము వెనక నుంచి ఒక్కొక్కటీ చూసుకుంటూ పోతున్నాం. రైతు మా వెనకే వస్తూ మేము చెప్పిన మాటను బట్టి వాటి తుంటి మీద రంగు సుద్దతో గీత గీస్తున్నారు. మా బ్యాచ్‌లోని పాడి రైతు కూతురు నాలుగు సార్లు రీచెక్ అంది. ప్రతిసారీ స్కానర్ తేవడం, అందరం చలిలో నిలబడడం. ఈ పిల్ల డాక్టరయ్యేసరికి ఆవులు ముసలివైపోతాయి అని నవ్వుకున్నాను. నేను మాత్రం చకచకా చెప్పుకుంటూ పోయాను. ఐదు ఓపెన్, మిగతావన్నీ ప్రెగ్నెంట్.

వరస చివర ఒక జెర్సీ ఆవు ఉంది. నలుపు తెలుపు మందలో అదొక్కటే గోధుమరంగుది. చూడి కట్టడానికి సూది వేసి నలభై రోజులైందని లిస్టులో ఉంది. చెయ్యి పెట్టాను. అది గట్టిగా ముక్కడం మొదలుపెట్టింది. పేగు నా మణికట్టును నొక్కేసి వేళ్లు మొద్దుబారిపోయాయి. అలాంటప్పుడు కదలకుండా ఒక్క నిమిషం ఆగాలి, పేగు వదులవుతుంది. అది నాకు తెలుసు. నేనే ఎంతమందికో చెప్పాను. గర్భసంచికి ఉండే రెండు కొమ్ముల్లో కుడివైపుది కాస్త లావుగా తగిలినట్టు అనిపించింది, లేనట్టూ అనిపించింది. మిగతావాళ్లంతా అప్పటికే ముగించి నా వైపే చూస్తున్నారు. రీచెక్ అన్న మాట నాలిక దాకా వచ్చింది. ఆ చిన్నపిల్ల మాట నేను అనడమా అనిపించింది.

"ఓపెన్," అన్నాను.

అంతదాకా ఒక్క ఆవు గురించీ మాట్లాడని రైతు గీత గీయకుండా ఆగారు. "ష్యూరేనా?"

"హండ్రెడ్ పర్సెంట్."

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అని చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. ఆయన తల ఊపి గీత గీశారు.

ప్రొఫెసర్‌కి ఒక పద్ధతి ఉంది. మేము చూసిన మందలోంచి కోతకు వెళ్లిన ఆవుల గర్భసంచుల్ని అక్కడి చిన్న కబేళావాళ్లు ఆవిడ కోసం తీసిపెడతారు. చెవి పోగు నంబరు రాసిన బకెట్లలో అవి శుక్రవారం ఉదయానికి కాలేజీకి వస్తాయి. ఎవరు ఓపెన్ అన్నది వాళ్లే కోసి చూడాలి. "మీ మాటను మీరే కోసి చూసుకోండి," అంటారు ఆవిడ. నాకు అది మంచి పద్ధతే అనిపించేది, ఆ శుక్రవారం దాకా.

ఆరు బకెట్లు నావి. ఐదు కోశాను, ఐదూ వట్టివే. ఆరోది జెర్సీది. స్టీలు బల్ల మీద పెట్టి, కత్తెర మొన పెట్టకముందే, కుడి కొమ్ము నా వేళ్లకు మెత్తగా, నిండుగా తగిలింది. మొద్దుబారని వేళ్లకు అది వెంటనే తెలిసిపోయింది. అయినా కోయాలి కదా. కోశాను. తేట నీరు జారి బల్లంతా పారింది. పల్చటి పొరలో నానబెట్టిన చిక్కుడు గింజంత దూడ. కాళ్లు రావాల్సిన చోట మొటిమలు, కన్ను ఉండాల్సిన చోట నల్లటి చుక్క.

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టయింది నా పని. మా బ్యాచ్‌లోని పాడి రైతు కూతురు తన బల్ల తుడిచిందే మళ్లీ మళ్లీ తుడుస్తోంది. నాలుగు రీచెక్‌లన్న ఆ పిల్ల ముందు ఆ రోజు బకెట్ ఒక్కటే ఉంది, అదీ వట్టిదే. తన అనుమానం వల్ల ఎన్ని ఆవులు ఆ షెడ్డులో నిలబడి మేత తింటున్నాయో అప్పుడు గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను. ప్రొఫెసర్ వచ్చి వంగి చూశారు. "నేను కూడా చెయ్యి పెట్టి చూడాల్సింది," అన్నారు. ఆ తర్వాత మెల్లగా, "రైతుకి మీరే ఫోన్ చేయాలి, డాక్టర్. ఈ రోజే," అన్నారు. ఆ డాక్టర్ అన్న పిలుపు ఆవిడ మానేసి ఉంటే బాగుండేది.

కార్లో కూర్చుని ముందు మా ఆయనకి చేశాను. పిరికితనం, ఇంకేం కాదు.

"అరే, నువ్వేం చంపలేదుగా. వాళ్లు ఎలాగూ ఏదో ఒక రోజు పంపించేవాళ్లే కదా," అన్నాడు. "ఒకసారి సారీ చెప్పేసేయ్, అయిపోతుంది. నాకు కూడా ప్రొడక్షన్‌లో ఎన్ని బగ్స్ వస్తాయి చెప్పు."

"నువ్వు రోల్‌బ్యాక్ చేసి పాత కోడ్ మళ్లీ పెట్టేస్తావ్. నేనేం చెయ్యను?" అని అరిచి ఫోన్ పెట్టేశాను. పాపం, ఓదార్చాలనే అన్నాడు. గోహత్య, పాపం అని మా అమ్మలా భయపెట్టినా సర్దుకునేదాన్నేమో. దేవుడి సంగతి నాకు తెలియదు. నాకు వచ్చిన పని నేను చేయలేదు, ఒక్క నిమిషం ఆగలేదు, దానికి ఒక ఆవు ప్రాణం పోయింది. అది నాకు తెలుసు.

ఇంగ్లిష్‌లో చెప్పాల్సిన మాటలన్నీ రెండుసార్లు పైకే అనుకుని, రైతుకి ఫోన్ చేశాను. నేనెవరో చెప్పాను. జెర్సీ చూడిదే, నేను తప్పు చెప్పాను అన్నాను.

"అనుకున్నాను," అన్నారు ఆయన. "సూది వేశాక అది మళ్లీ ఎదకు రాలేదు. మూడు వారాలప్పుడు పొద్దున్నా సాయంత్రం కనిపెట్టుకుని చూశాను, రాలేదు. చూడి నిలిచిందనే అనుకున్నాను."

ఏలూరు దగ్గర నేను తొడుగు వేసుకునే ముందు ప్రతి ఇంట్లో అడిగిన మొదటి ప్రశ్న అదే. మళ్లీ ఎదకొచ్చిందా అని. మేత వేసే మనిషికి తెలిసినంత నా చేతికి తెలియదని అక్కడ నాకు తెలుసు. ఇక్కడ అడగలేదు. రైతును అడిగితే ఈవిడకి పని రాదనుకుంటారని భయపడ్డాను.

"మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదు?" అన్నాను. ఆ మాట అనే హక్కు నాకు లేదని అంటున్నప్పుడే తెలుస్తోంది.

"మీరు అంత గట్టిగా చెప్పారు కదా. ఇన్ని వేల ఆవులు చూసినావిడ అని మీ ప్రొఫెసర్ కూడా అన్నారు. నాదేముంది, బయట నిలబడి చూసేవాణ్ని. వంటగదిలో క్యాలెండర్ మీద సెప్టెంబర్ నెలలో ఈనే రోజు కూడా రాసి పెట్టాను. నేనే నోరు విప్పాల్సింది. ఐ యామ్ సారీ."

క్షమాపణ అడగడానికి ఫోన్ చేసినదాన్ని నేను. ఆయనే నాకు సారీ చెప్పి, సోమవారం మిగతా ఆవులు చూడడానికి మేము ఎన్నింటికి వస్తామని అడిగారు. తొమ్మిదింటికి అన్నాను.