పిన్ని విన్నాకే సంతకం

తెనాలిలో మా పాల డెయిరీకి మేడం మేనేజరుగా వచ్చేనాటికి నేను అక్కడ టైపిస్టుని. ఏ సర్క్యులరైనా ఆఫీసు ఊడ్చే పిన్నికి చదివి వినిపించాకే ఆవిడ సంతకం పెట్టేవారు.

ఓ వేసవిలో పాలు తీసుకెళ్ళే వ్యాను వేళలు మారాయి. మేడం రాకముందోసారి మా కాగితం అర్థంకాక రేపల్లె వైపు రైతులు ఆలస్యంగా వచ్చారు, పాలన్నీ విరిగిపోయాయి. అందుకని ఈసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని, "సేకరణ వాహన సమయములు సవరించబడినవి" అని గంభీరంగా టైపు చేశాను.

మేడం చదువుతుంటే పిన్ని చీపురు పక్కన పెట్టి శ్రద్ధగా వింది. "బానే ఉందండి. ఇంతకీ పాలు ఎన్నింటికి తేవాలండి?" అంది.

మేడం పకపకా నవ్వి, నాతో కొత్తగా టైపు చేయించారు: "సోమవారం నుంచి వ్యాను పొద్దున్న ఐదింటికే వస్తుంది. ఆలోపే పాలు తీసుకురండి."

సోమవారం రేపల్లె పాల కేంద్రం నుంచి ఫోను వచ్చింది. "అందరూ వేళకొచ్చారండి. ఒక్క క్యాను పాలూ విరగలేదు. కాగితం భలే రాశారండి!"

"ఆ మాట రాయించినావిడకే చెప్పండి," అంటూ మేడం రిసీవరు పిన్ని చేతిలో పెట్టారు. జీవితంలో మొదటిసారి ఫోను పట్టుకున్న పిన్ని, రేపల్లె దాకా వినబడేలా "ఎవరండీ?" అని అరిచింది. ఆఫీసంతా నవ్వులే. అందరికంటే గట్టిగా నవ్వింది మా మేడమే.